రెండు ఊపిరుల సేపు

మళ్లీ ఆగిపోయింది, అంటే ఇందాక ఆగడం కరెంటు వల్ల కాదన్నమాట, ఇన్ని నెలలు కదలకుండా ఉన్న మిషన్ కదా, మొదటిసారి మొరాయించడం సహజమే అని సర్దిచెప్పుకున్నాడు గానీ ఇప్పుడూ అదే వరస, బటన్ నొక్కగానే డబ్బాలో ఫ్యాన్ గిర్రుమని లేచింది, ముందు పక్క పచ్చ దీపం వెలిగింది, శ్యామ్‌సుందర్ ఒక ఊపిరి తీసుకున్నాడు, ఇంకొకటి తీసుకున్నాడు, మూడోది సగంలో ఉండగానే దీపం ఆరింది, ఫ్యాన్ వేగం తగ్గి తగ్గి, వెళ్లాలా వద్దా తేల్చుకోలేని మనిషిలా ఓసారి వెనక్కి కూడా ఊగి, నిలిచిపోయింది. మానిటర్ నల్లగానే ఉంది. ఆ నలుపులో అతని ముఖం కనిపించింది, గడ్డం గీసుకున్న ముఖం, పొద్దున వసుమతి ఏమీ అనకుండా బకెట్‌లో వేడినీళ్లు పోసి పక్కన రేజర్ పెట్టి తన పని మీద తను వెళ్లిపోయింది, ఒక్క మాట అని ఉన్నా గీసుకునేవాడు కాదేమో. రెండు ఊపిరుల సేపు, అంతే బతుకుతోంది ఇది. చచ్చిపోయిన మిషన్ అయితే బాధ లేదు, చచ్చింది అనుకుని లేచి వెళ్లిపోవచ్చు. ఇది లేస్తోంది. లేచి పడిపోతోంది.

షట్టర్ సగం దాకా ఎత్తి, వంగి లోపలికి వచ్చాడు, మిగతా సగం ఎత్తడానికి చెయ్యి రాలేదు, అందుకని బయటి లోకం మోకాళ్ల దాకానే కనిపిస్తోంది, నాంపల్లి స్టేషన్‌లో బండి దిగి అబిడ్స్ వైపు అడ్డదారిన నడిచే కాళ్లు, గల్లీ బండల మీద కటకటమంటూ పోయే సూట్‌కేసు చక్రాలు, ఒక ఆడమనిషి మెట్టెలు, ఆ వెనకే ఆమెను అందుకోవడానికి పరుగెత్తే ఎర్రటి చిన్న చెప్పులు. తలలు కనిపించకపోతే మనుషులందరూ ఎంత ధీమాగా నడుస్తున్నట్టుంటారో, అనుమానాలన్నీ తలలోనే ఉంటాయి కాబోలు, కాళ్లకు ఏమీ తెలియదు. చాదర్‌ఘాట్‌లో బస్సెక్కి కోఠి దాటేలోపల అతను తనతో తానే ఒక ఒప్పందం చేసుకున్నాడు. మిషన్ స్టార్టయితే రేపటి నుంచి దుకాణంలో కూర్చుంటాడు. కాకపోతే తాళంచెవి పక్క దుకాణం భూపాల్ చేతిలో పెట్టి, ఈ గది నువ్వే తీసుకో అని చెప్పి, ఇంటికి పోయి పడుకుంటాడు. అలిసిన మనిషి కాసేపు నడుం వాల్చడం కాదు అది, పోయిన ఏడాది వినాయకులు నిమజ్జనానికి వెళ్లిన వారం నుంచి ఈ ఎండాకాలం దాకా గోడవైపు తిరిగి పడుకున్న పడక, దాంట్లోంచి ఎలా బయటికి వచ్చాడో అతనికే తెలియదు, మళ్లీ దాంట్లోకి వెళితే తిరిగి రాగలడన్న నమ్మకం లేదు. వసుమతికీ లేదు. అందుకే రేజర్ పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టింది.

అసలేం జరిగింది అని చుట్టాలందరూ అడిగారు, ఏదైనా జరిగి ఉంటే చెప్పడానికి బాగుండేది, ఎవరో పోయారనో, వ్యాపారం మునిగిందనో, మనుషులకు ఒక కారణం చేతికిస్తే దాన్ని పట్టుకుని సానుభూతి చూపించి వెళ్లిపోతారు. ఏమీ జరగలేదు. ఇదే కుర్చీలో కూర్చుని ఎవరిదో పెళ్లికార్డు కంపోజ్ చేస్తున్నాడు, బంధుమిత్ర సపరివారంగా అన్న మాట కొట్టాడు, అది అతని వేళ్లు ఎన్ని వేల సార్లు కొట్టాయో, ఆ రోజు మాత్రం కొట్టాక చూస్తే అది మాటలా లేదు, అక్షరాలు ఒక్కొక్కటిగా విడిపోయి కాళ్లు మడుచుకుని పడుకున్న పురుగుల్లా ఉన్నాయి, చెరిపి మళ్లీ కొట్టాడు, మళ్లీ అంతే, సాయంత్రం దాకా ఆ ఒక్క మాటే కొడుతూ చెరుపుతూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున మంచం మీద, దిగు అని కాళ్లకు చెప్పాడు. దిగలేదు. చెప్పడానికీ దిగడానికీ మధ్య మామూలు మనుషులకు అసలు కనబడనంత సన్నటి సందు ఒకటుంటుంది, అది రోజురోజుకూ వెడల్పయింది, అతను ఇవతలి ఒడ్డున పడుకుని అవతలి ఒడ్డున ఉన్న తన కాళ్లను చూస్తూ ఉండేవాడు. డాక్టరమ్మ నవ్వకుండా, జాలిపడకుండా వింది, ఇది సోమరితనం కాదు జబ్బు అని రెండుసార్లు చెప్పింది, మందులిచ్చింది, నాలుగో ఐదో సారి వెళ్లినప్పుడు, చేయాలని అనిపించాక చేద్దామని కూర్చోకండి, చిన్నది ఏదో ఒకటి చేసెయ్యండి, అనిపించడం వెనకాల వస్తుంది అంది. వెనకాల వచ్చేదాన్ని నమ్మి ముందు అడుగు వేయడం ఎట్లా అని అప్పుడు అడగలేదు. ఇప్పుడు ఈ డబ్బా ముందు కూర్చుంటే అడగాలనిపిస్తోంది.

సరే, చిన్నది ఏదో ఒకటి. స్క్రూలు విప్పి డబ్బా పక్క రేకు తీశాడు. లోపల దుమ్ము మెత్తగా, బూడిదరంగు ఉన్నిలా పేరుకుని ఉంది, కానీ బల్ల మీద దుమ్ము లేదు, నేల మీద లేదు, అదొక వింత, షట్టర్ ఎత్తేటప్పుడు సాలెగూళ్లు ముఖానికి తగులుతాయని కళ్లు మూసుకున్నాడు, ఏమీ తగల్లేదు, మూలన ఎండిన బంతిపువ్వు ఒకటి ఉంది, వసుమతిని తాళం అడిగి భూపాల్ ఎప్పుడైనా ఊడ్పించాడేమో, మంచివాడు. కంపెనీ మిషన్ కాదిది, కోఠి గుజరాతీ గల్లీలో ఒక్కో ముక్కా బేరమాడి తెచ్చి తను కూర్చిన మిషన్, అతని తెలుగు ఫాంట్లు దీంట్లోనే తెరుచుకుంటాయి, కొత్తవాటిలో వేస్తే గడులు గడులుగా వస్తాయి, ఆ ఫాంట్ల కీబోర్డే అతని వేళ్లకు తెలుసు, ఏ కీ కింద ఏ ఒత్తు ఉందో చెప్పమంటే నోటితో చెప్పలేడు, వేళ్లు చెబుతాయి. ర్యామ్ ముక్క ఊడదీసి, సొరుగులోంచి పెన్సిల్ రబ్బరు తీసి, దాని బంగారురంగు పళ్లను మెల్లగా రుద్దాడు, నాంపల్లిలో హార్డ్‌వేర్ కోర్సు చేసిన రోజుల్లో మొదట నేర్పింది ఇదే, మిషన్ లేవకపోతే ముందు ర్యామ్ తీసి రబ్బరుతో తోమాలి, సగం రోగాలు దాంతోనే పోతాయి. తోముతుంటే రబ్బరు మీద ఎర్రటి మరక కనిపించింది. వేలు కోసుకుందా? చూపుడువేలి చివర ఎర్రగా ఉంది, తుడిస్తే గాయం లేదు, ఏ రేకు తుప్పో అయి ఉంటుంది అని ప్యాంటుకు రాసుకున్నాడు. ర్యామ్‌ను టక్కుమనేదాకా గట్టిగా నొక్కి బిగించాడు. బటన్ నొక్కాడు. తెర వైపు చూశాడు. ఒక ఊపిరి. ఇంకొకటి. ఆగింది.

ర్యామ్‌ను పక్క గాడిలో పెట్టి చూశాడు. ఆగింది. గుండ్రటి చిన్న బ్యాటరీ తీసి, కాసేపు ఆగి మళ్లీ పెట్టాడు. ఆగింది. హార్డ్ డిస్క్ వైరు పీకాడు, ఇక ఏ బరువూ లేదు కదా, ఊరికే లేచి నిలబడు చాలు, ఇంకేమీ అడగను అన్నాడు, పైకే అన్నాడేమో, ఆ మాట అతని చెవికి తెలిసిన మాటలా తగిలింది, ఇదే మాట ఇదే గొంతుతో తలుపు దగ్గర నిలబడి వసుమతి అన్నది కదూ, సంక్రాంతి ముందు ఒకరోజు, ఊరికే లేచి కూర్చోండి చాలు, ఇంకేమీ అడగను. అప్పుడతనికి కోపం వచ్చింది. ఈ డబ్బాకు కోపం రావట్లేదు. బటన్ నొక్కాడు. ఆగింది. అయితే ఇక లోపలి బోర్డే పోయి ఉండాలి, దానికి మందు లేదు, ఇంత పాతది ఎక్కడా దొరకదు. తాళంచెవి జేబులో తొడకు గుచ్చుకుంటోంది. ఇంటికి పోతే ఈ వేళకు గదిలో ఎండ గోడ మీదికి ఎక్కి ఉంటుంది, ఆ గోడ మీద పెచ్చు లేచిన చోటు కుందేలు ఆకారంలో ఉంటుంది, దుప్పటి చల్లగా ఉంటుంది, ఎంత దగ్గరగా ఉందో ఆ మంచం, నాంపల్లి నుంచి ఒక్క బస్సు.

షట్టర్ కింద రెండు కాళ్లు వచ్చి ఆగాయి. ఒక చెయ్యి చాయ్ గ్లాసుతో లోపలికి వచ్చింది, దాని వెనక భూపాల్ తల వచ్చింది.

"శ్యామన్నా! నువ్వేనా లోపట? సప్పుడైతుంటే దొంగ జొర్రిండనుకున్న."

"దొంగకు గీడ ఏముంది తమ్మీ?"

"గదే నేననేది. గా డబ్బను ఎవడన్న ఎత్కపోతె నీకే పుణ్యం." గ్లాసు చేతికిచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సిద్దిపేట వైపు నుంచి వచ్చి, రబ్బరు స్టాంపులతో మొదలుపెట్టి ఇప్పుడు ఫ్లెక్సులు కొడుతున్నాడు, అతని దుకాణంలో కూలర్ కూడా ఉంది. "ఏందే, లేస్తలేదా?"

"లేస్తది. నిలవడ్తలేదు."

"ముసల్దైందన్నా, దాన్ని ఇడ్సిపెట్టు. నా మాటిను, గీ రూము నాకియ్యి, ఫ్లెక్స్ రోల్స్ పెట్టుకుంట. నా దుకాణంల కూలర్ ముంగట నీకు టేబుల్ ఏస్త. కొత్త సిస్టమ్ మీద కొట్టు, దర్జాగ."

"నా ఫాంట్లు దాంట్ల రావు."

"నీ ఫాంట్లు రాకుంటే పెండ్లిళ్లు ఆగినయా? ఫోన్ల కార్డులు పంపుతున్నరు గదనే. గండ్ల పెండ్లికొడుకు డాన్స్ గూడ చేస్తడు. నీ కార్డుల ఎవడన్న చేసిండా?"

శ్యామ్‌సుందర్ ముఖంలో ఏదో కదిలింది, నవ్వు అని కాసేపటికి గాని తెలియలేదు, చాలా రోజులు వాడని గది తలుపులా కిర్రుమంది. చాయ్ వేడిగా, తియ్యగా ఉంది. "దుకాణం మంచిగ ఊడ్పించినవ్ తమ్మీ," అన్నాడు.

"నేనా? నా దుకాణమే నేనూడ్వ." భూపాల్ ఆశ్చర్యపోయాడు. "వదిన గద. శుక్రారం శుక్రారం ఒస్తది. నీకెరుకలేదా?"

"ఏ వదిన?"

"ఏ వదినేందే! వసుమతి వదిన. పొద్దుగాల బడికి పొయ్యే ముంగట గీడ దిగుతది. షట్టర్ లేపి, ఊడ్చి, ఊదుబత్తి ముట్టించి, బొట్లు పెట్టి పోతది. నీకెందుకు తక్లీఫ్ వదినా, తాళమియ్యి నేను ముట్టిస్త అంటె, నీకు మొక్కుడు రాదు పో అన్నది." అంతలో నాలుక కరుచుకున్నాడు. "అరె, చెప్పొద్దన్నదో ఏందో. నేనేం చెప్పలె అన్నా. నువ్వేం ఇనలె. ఫైనల్." ఖాళీ గ్లాసు లాక్కుని షట్టర్ కిందుగా మాయమయ్యాడు. అతని కాళ్లు మాత్రం కాసేపు అక్కడే తచ్చాడి, వెళ్లిపోయాయి.

శుక్రవారాలు. శుక్రవారం సాయంత్రాలు ఆమె కొంగు దగ్గర ఊదుబత్తి వాసన వచ్చేది, అతను గోడవైపు తిరిగి పడుకునే ఆ వాసన పట్టేవాడు, గుడికి వెళ్లి వచ్చిందనుకునేవాడు, నా కోసం మొక్కుతోంది, నా పేరు, గోత్రం ఎవరో పూజారికి చెబుతోంది, పడిపోయిన మనిషిని నలుగురిలో పడుకోబెట్టి చూపిస్తోంది అని లోలోపల మండిపడేవాడు, దేవుడి మీద నమ్మకం లేని తన కోసం దేవుణ్ణి అడుక్కోవడం ఏమిటని. ఆమె ఏ గుడికీ వెళ్లలేదు. కోఠిలో తను పనిచేసే బడి ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషి అంతకుముందే ఇంత దూరం వచ్చి, మూతపడిన దుకాణం షట్టర్ ఎత్తి, రాని మనిషి కుర్చీ తుడిచి, మళ్లీ షట్టర్ దించి, వెనక్కి బస్సెక్కి వెళ్లింది. ఎదురుచూడడం అంటే కూర్చుని గుమ్మం వైపు చూడడం అనుకున్నాడు ఇన్నాళ్లూ, అది చీపురు పట్టుకుని చేసే పని అని ఎవరు చెప్పారు అతనికి? బొట్లు పెట్టి పోతది అన్నాడు భూపాల్. ఎక్కడ? గడప మీద పసుపు, కుంకుమ ఉన్నాయి, చూశాడు. గోడ మీది దేవుడి పటానికి ఉంది. మిషన్‌కు? డబ్బా చుట్టూ వెతికాడు, పైన లేదు, పక్కన లేదు. అప్పుడు, ఇంతసేపూ వేలితో తాకుతూ ఒక్కసారీ కంటితో చూడనిదాన్ని చూశాడు.

డబ్బా ముందు పక్క, రూపాయి బిళ్లంత వెండిరంగు గుండ్రటి పవర్ బటన్. దాని మీద బొట్టు. ఒక బొట్టు కాదు, బొట్టు మీద బొట్టు, అడుగున గంధం, దాని మీద కుంకుమ, మళ్లీ కుంకుమ, చిన్న గుట్టలా పేరుకుని, నడుమ అతని వేలు తాకిన చోట మాత్రం నున్నగా, అంచుల్లో ముదురు ఎరుపు బటన్ చుట్టూ ఉన్న సందులోకి దిగి మెరుస్తోంది. గోటితో తాకాడు. జిడ్డు. మైనం! అమ్మ, వెంకటరత్నమ్మ, బొట్టు పెట్టుకునే ముందు నుదుటికి మైనం రాసుకునేది, కుంకుమ రాలకుండా, ఆ చిన్న ఇత్తడి డబ్బీ పోతూ పోతూ కోడలికి ఇచ్చింది, నున్నటి ప్లాస్టిక్ మీద కుంకుమ నిలవదని వసుమతి ముందు మైనం అద్ది ఉంటుంది, మూసిన షట్టర్ లోపల ఈ ఎండలకు మైనం కరిగి, కుంకుమను కలుపుకుని, సందులోకి దిగి గడ్డకట్టింది. బటన్ నొక్కాడు, ఈసారి తెర వైపు చూడలేదు, బటన్‌నే చూశాడు. లోపలికి వెళ్లింది. వేలు తీశాడు. బయటికి రాలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, బటన్ లోపలే ఉంది, ఒక ఊపిరి, రెండు ఊపిరులు, మిషన్ ఆగింది, ఆ తర్వాత ఎంతోసేపటికి, నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు, బటన్ మెల్లమెల్లగా పైకి వచ్చింది.

శ్యామ్‌సుందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. కంప్యూటర్ బిగుసుకుపోయినప్పుడు బటన్‌ను వదలకుండా నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది, అది అందరికీ తెలిసిందే, ఎన్నిసార్లు ఆపలేదు అట్లా? మిషన్‌కు ఏ రోగమూ లేదు. ఎవరో వేలు తీయకుండా నొక్కి పట్టుకున్నారు, ఆగిపొమ్మంటున్నారు అనుకుని ఆగిపోతోంది అది, పాపం, చెప్పిన మాట వింటోంది. బోర్డు బాగుంది, ర్యామ్ బాగుంది. ఎవరి తప్పూ లేదు. ఇంత పెద్ద బల్ల ఉండగా, తెర ఉండగా, ఆమె బొట్టుకు ఈ చోటే ఎందుకు ఎంచుకుంది? దుకాణం తెరిచిన రోజు, కొబ్బరికాయ కొట్టాక, మిషన్‌ను మొదట ఆమె చేతనే స్టార్ట్ చేయించాడు, ఇక్కడ నొక్కు అని ఆమె వేలు పట్టుకుని చూపించాడు, భయపడుతూ నొక్కి వెంటనే చెయ్యి లాక్కుంది, ఇంత యంత్రంలో ఆమెకు తెలిసిన చోటు ఇదొక్కటే, పొద్దున దుకాణానికి వస్తే అతని వేలు మొదట తాకే చోటు.

సొరుగులో బ్లేడు ఉంది, కార్డుల అంచులు కోసే బ్లేడు, ఆ సందులో తిప్పితే మైనం ఊడి వస్తుంది, కాస్త స్పిరిట్‌తో తుడిస్తే వెండిరంగు మళ్లీ మెరుస్తుంది. బ్లేడు తీసి అంచుకు ఆనించాడు. చెయ్యి ఆగింది, కానీ మంచం మీద ఆగిన ఆగడం కాదిది, అప్పుడు చెయ్యి వినేది కాదు, ఇప్పుడు చెయ్యే ఏదో చెబుతోంది. ఒక్కో పొర ఒక్కో శుక్రవారం. అతను కుందేలు ఆకారాన్ని చూస్తూ పడుకున్న ప్రతి శుక్రవారమూ ఇక్కడ ఎరుపు మీద ఎరుపుగా ఉంది, అతను లేని రోజులు ఎక్కడికీ పోలేదు, ఇక్కడ పేరుకున్నాయి. గీకితే పోతాయి. గీకకపోతే మిషన్ లేవదు. బొట్టు వల్లే ఆగిందని ఆమెకు తెలిస్తే ఏమంటుందో కూడా తెలుసు, ఏమీ అనదు, రాత్రి గిన్నెలు తోమేటప్పుడు నీళ్లు ఎక్కువసేపు వదులుతుంది. బ్లేడు కింద పెట్టాడు.

అప్పుడు ఆ పెద్ద బటన్ కింద, శెనగగింజంత నల్లటి చిన్న బటన్ కంటపడింది. రీసెట్. దాన్ని ఎవరూ వాడరు, కొన్నప్పటి నుంచి అతనూ వాడిన గుర్తు లేదు. ఆ బటనైనా ఈ బటనైనా లోపలికి వెళ్లేది రెండు సన్నటి వైర్లే, బోర్డు మూల ముళ్లలా లేచిన పిన్నుల మీద తొడుగుతారు, ముళ్లకు ఏ బటన్ నుంచి కబురు వచ్చిందో తెలియదు. పవర్ బటన్ వైరు ఊడదీసి ఆ చోట రీసెట్ వైరు తొడిగితే చాలు. ఎంత తేలిక! వంగి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, రెండు వేళ్ల కొసలతో వైరు పట్టుకున్నాడు, మందుల వల్ల వేళ్లు సన్నగా వణుకుతున్నాయి, పవర్ వైరు తేలిగ్గానే వచ్చింది, రెండోది ముళ్ల మీద కూర్చోనంటోంది, జారింది, మళ్లీ జారింది, మెడ మీదుగా చెమట కారుతోంది, ఇంకోసారి జారింది. ఫోన్ మోగింది. మోగనిచ్చేవాడు ఎప్పుడూ, అలా మోగి ఆగిపోయేది. ఎడమ చేత్తో ఎత్తాడు.

"ఆఁ, వసూ."

అవతల పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి, ఎండాకాలం క్లాసులేమో. "ఎత్తిన్రా?" అంది.

"ఎత్తిన."

"ఏమన్న తిన్నరా?"

"భూపాల్ చాయ్ తాపిండు. తింట, జరసేపు ఆగి."

"మిషన్ స్టార్టయిందా?" మామూలుగా అడగాలని ప్రయత్నించిన గొంతు.

"కాలె ఇంకా. అయితది." ఆ మాట ఎట్లా వచ్చిందో, ఎంత తేలిగ్గా వచ్చిందో అతనే గమనించాడు. "వసూ, రేపు శుక్రవారం గదా. ఇద్దరం కలిసే వద్దాం. నువ్వొక్కదానివే దిగి పోకు. అమ్మ మైనం డబ్బీ యాది మరువకు."

ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "భూపాల్ చెప్పిండా? వాని నోరు కుట్టెయ్యాలె," అంది. ఆ వెంటనే, "మీకు గిట్లాంటివి నచ్చయి కదా అని..."

"నచ్చింది. మంచిగ నిలబడ్డది కుంకుమ. ఉంటా, చేతుల వైరుంది."

ఫోన్ పెట్టి చూస్తే వైరు ముళ్ల మీద కూర్చుని ఉంది, మాట్లాడుతుండగా వేళ్లు వాటంతట అవే తొడిగాయి, అతన్ని అడగలేదు. ఇందాక పీకిన హార్డ్ డిస్క్ వైరు తగిలించాడు, రేకు మూశాడు, స్క్రూలు బిగించాడు. ఇక నొక్కడమే. చూపుడువేలు ముందుకు చాచి, ఆగాడు, ఒప్పందం గుర్తొచ్చింది, దీంతో తేలిపోతుంది అన్న ఆ పాత భయం లేచింది, లేచి, చూస్తే, దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు, అయితది అని చెప్పేశాడు, రేపు వద్దామని చెప్పేశాడు, మిషన్‌ను అడక్కుండానే. తాళంచెవి జేబులోంచి తీసి సొరుగులో పడేశాడు. లేచి, గుమ్మం దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో షట్టర్‌ను పట్టుకుని పైకి తోశాడు, అది పెద్దగా అరుస్తూ చుట్టుకుపోయింది, గల్లీలో నడిచేవాళ్లకు ఒక్కసారిగా నడుములు, చేతులు, ముఖాలు వచ్చాయి, ఒక ముసలాయన సంచీ భుజం మార్చుకుంటూ లోపలికి చూసి, ఏదో అడ్రసు అడగబోయి, మనసు మార్చుకుని పోయాడు, ఎండ బల్ల దాకా వచ్చి బటన్ మీది ఎరుపు మీద పడింది.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎర్రటి బొట్టు కింద ఉన్న శెనగగింజంత బటన్‌ను గోటి కొసతో నొక్కి, వేలు తీసేశాడు, అది టక్కుమని వెంటనే బయటికి వచ్చింది, ఫ్యాన్ లేచింది, దీపం వెలిగింది, అతను ఊపిరులు లెక్కపెట్టడం మరిచిపోయి కీబోర్డును దగ్గరికి లాక్కున్నాడు.